గుత్త కారా, సొంత కారా: ఒక తెల్లకాగితం లెక్క

లీజు అనే మాట చెవిన పడగానే మా బావ అడిగిన మొదటి ప్రశ్న: "అయితే నాలుగేండ్ల తర్వాత మన దుడ్డు మనకిచ్చేస్తారా?"

నవ్వొచ్చింది గానీ తప్పు ఆయనది కాదు. బెంగుళూరులో ఇల్లు లీజుకు తీసుకోవడమంటే కొన్ని లక్షలు ఒకేసారి ఇంటాయన చేతిలో పెట్టి, నెలనెలా అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేనాడు ఆ లక్షలు వెనక్కి తెచ్చుకోవడం. మావైపు చాలామందికి లీజంటే తెలిసింది అదే. "ఇది ఆ లీజు కాదు బావా, గుత్త. చేను గుత్తకు పట్టినట్టు. పంట మనది, గట్టు ఆసామిది" అన్నాను.

"మరి గుత్తకెందుకు పోవాల? మనకేమన్నా గతిలేదా?"

నోటితో తేలే మాట కాదు. ఒక తెల్లకాగితం తీసి నడుమ నిలువు గీత గీశాను. ఎడమవైపు 'సొంతం', కుడివైపు 'గుత్త'. ఆ కాగితం ఎట్లా నిండిందో చెబుతాను. ఎవరైనా ఇంట్లో కూర్చుని గంటలో తయారు చేసుకోవచ్చు. అంకెలు మావి, వరస అందరిదీ.

బావ ఇల్లు నంద్యాలలో, విగ్రహాలు చెక్కించే షెడ్డు ఆళ్లగడ్డలో. పాత కారు రాతిదుమ్ము తిని తిని అలసిపోయింది. ఆయన చూపు హోండా సిటీ, హ్యుందయ్ వెర్నా, స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ తరగతి మీద ఉంది. మధ్యరకం సెడాన్ అంటాం. హైదరాబాదులో ఉద్యోగం చేసే మేనల్లుడు "కొనొద్దు నాన్నా, మా ఆఫీసులో అందరూ లీజే" అని ఫోన్లో చెప్పడంతో ఇంట్లో వాదం లేచింది.

అందరూ ధర నుంచి మొదలుపెడతారు. నేను కిలోమీటర్ల నుంచి మొదలుపెట్టించాను. నలభయ్యో నంబరు జాతీయ రహదారి మీద బావ ఇంటి గేటు నుంచి షెడ్డు దాకా మీటరు చూస్తే 44. పోనూరానూ 88. నెలకు 20 రోజులు తిరిగినా 1,760, ఏడాదికి 21 వేల పైన. హైదరాబాదు, తిరుమల, అక్క మొక్కుకున్న అహోబిలం కలిపితే 23,000. కాగితం నెత్తిన ఈ అంకె పెద్దగా రాయించాను. మిగతా లెక్కంతా దీని చుట్టూ తిరుగుతుందని అప్పటికి బావకు తెలియదు.

తర్వాత ధర. షోరూం ధర వేరు, రోడ్డెక్కే ధర వేరు. షోరూం ధరలోనే జీఎస్టీ ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ తరగతి కార్లకు అది 40 శాతం. అంతకుముందు 28 శాతం జీఎస్టీ, 17 శాతం సెస్సు కలిపి 45 ఉండేది. అదే నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న డిజైర్ లాంటి చిన్న సెడాన్‌కు 18 శాతమే. అర మీటరు డిక్కీకి 22 శాతం పన్ను తేడా! బావకు ఈ మాట రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ వినబడనట్టే కూర్చున్నాడు. సరే, మనిషికి ముచ్చట ఉంటుంది. కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదని ప్రభుత్వం 1993లో తేల్చేదాకా అంబాసిడరో పద్మినియో బుక్ చేసి ఏళ్లు కాచుకున్న తరం ఆయనది. ఆ తలుపు తెరిచిన ప్రధాని పి.వి. నరసింహారావు అప్పటికి మా నంద్యాల ఎంపీయే. కాబట్టి మాకు సెడాన్ మీద కొంచెం హక్కు ఎక్కువని బావ వాదన.

షోరూం ధర మీద రాష్ట్రం వేసే లైఫ్ టాక్స్, బీమా, ఫాస్టాగు, రిజిస్ట్రేషన్ ఖర్చు చేరతాయి. లైఫ్ టాక్స్ శాతం కారు ధరను బట్టి మెట్లుమెట్లుగా పెరుగుతుంది. పది లక్షలు దాటే బండికి అదే పెద్ద దెబ్బ. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టడం తప్పనిసరి. కోటేషన్‌లో 'హ్యాండ్లింగ్ చార్జీలు' అని ఒక వరస కనబడితే అది దేనికో అడగండి. జవాబు నసిగితే కొట్టేయించండి. లెక్క తేలిగ్గా ఉండాలని మేం షోరూం ధర 13,30,000, రోడ్డెక్కేసరికి 16,00,000 అని వేసుకున్నాం.

ఇప్పుడు కొట్టివేత. రెండు గడుల్లోనూ ఒకేలా ఉండే ఖర్చు రాయడం దండగ. పెట్రోలు ఎవరి పేరు మీద బండి ఉన్నా తాగుతుంది. డ్రైవరు, పార్కింగు, కడిగింపు కూడా అంతే. అవి తీసేస్తే కాగితం సగం ఖాళీ అయి, తేడా ఎక్కడుందో కనబడుతుంది.

సొంతం గడి ముందు నింపాం. చేతి నుంచి 4,00,000, అప్పు 12,00,000, వడ్డీ 9 శాతం, అయిదేళ్లు. లక్షకు నెలకు 2,076 చొప్పున కిస్తీ 24,910. ఏజెంటు ఏడేళ్లకు సాగదీసి లక్షకు 1,609 అని చూపిస్తాడు, మురిసిపోవద్దు. తగ్గింది కిస్తీయే గానీ వడ్డీ పెరిగింది. లీజు ఎన్నేళ్లకు అడుగుతున్నామో ఇక్కడా అన్నేళ్లే లెక్కించాలి. మేం నాలుగేళ్లు అనుకున్నాం. 48 కిస్తీలు 11,95,680. ఆనాడు అప్పు తీర్చేయాలంటే మిగిలే అసలు సుమారు 2,84,800. చేతి సొమ్ముతో కలిపి 18,80,480. రెండో ఏడు నుంచి బీమా మూడు దఫాలకు 90,000. సర్వీసులు, ఒక జత టైర్లు, బ్యాటరీ కలిపి 1,10,000. నాలుగు లక్షలు బ్యాంకులో ఉంటే ఏడాదికి 26,000 వడ్డీ వచ్చేదని బావే గుర్తుచేశాడు. వ్యాపారి కదా! అది నాలుగేళ్లకు 1,04,000. మొత్తం 21,84,480.

ఇందులోంచి కారు అమ్మితే వచ్చేది తీసేయాలి. అందరూ ఊహించి రాసే గడి ఇదే. నేను బీమా కంపెనీల తరుగు పట్టిక తీశాను. అందులో ఏడాది దాటిన బండికి 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడు దాటితే 40, నాలుగు దాటితే 50 శాతం షోరూం ధరలోంచి తగ్గిస్తారు. ఆ ప్రకారం మా కారుకు 6,65,000. కానీ అప్పటికి మీటరు మీద 92,000 కిలోమీటర్లు ఉంటాయి, సీట్ల సందుల్లో రాతిదుమ్ము ఉంటుంది. 6,00,000 వేశాను. మిగిలింది 15,84,480. 48తో భాగిస్తే నెలకు దగ్గరదగ్గర 33,000.

"కిస్తీ పాతిక వేలంటివి, ముప్పై మూడు ఎట్లాయె?" అన్నాడు బావ. కిస్తీ ఒకటే కారు ఖర్చు కాదు. లీజు అద్దెను కిస్తీతో పోల్చేవాళ్లందరూ కాలుజారేది ఈ మెట్టు మీదే.

కుడి గడి నింపడానికి ప్రశ్నలు ఎక్కువ కావాలి. లీజు కంపెనీ చెప్పేది ఒక అంకే అయినా దాని వెనక పది షరతులు దాగి ఉంటాయి. మొదటిది: చెప్పిన అద్దె పన్నుతో కలిపా, పన్ను కాకనా? డ్రైవరు లేకుండా కారు గుత్తకిస్తే, కారు అమ్మకానికి ఎంత జీఎస్టీయో అద్దెకూ అంతే. అంటే ఈ తరగతి కారుకు 40 శాతం. '27 వేలే' అని ఫోన్లో తీయగా చెప్పిన అద్దె బిల్లులో 38 వేలవుతుంది. మేం పన్ను, బీమా, సర్వీసు, టైర్లు అన్నీ కలిపి 38,000 అని వేసుకున్నాం. 48 నెలలకు 18,24,000.

రెండో ప్రశ్న దగ్గరే బావ పేరు మీద గుత్త గాలి పోయింది. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు? 15,000. దాటితే? కిలోమీటరుకు 10 రూపాయలని వేశాం. నెత్తిన రాసిన అంకె వైపు వేలు చూపించాను. ఏడాదికి 8,000 ఎక్కువ, నాలుగేళ్లకు 32,000, రొక్కం 3,20,000. మొత్తం 21,44,000. నెలకు 44,600 పైచిలుకు. రోజూ ఆళ్లగడ్డ పోయొచ్చే మనిషికి గుత్త కారు మీటరు పెట్టిన కుళాయి లాంటిది, తిప్పినప్పుడల్లా గుండె గతుక్కుమంటుంది.

అంకెల్లోకి దిగని షరతులు కొన్ని కాగితం కింద రాశాం. నడుమ వదిలేస్తే ఎంత కట్టాలి? ఊళ్లో గుత్త సాధారణంగా ఏడాదికేడాది మాట. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలురైతుకిచ్చే కార్డు కూడా 11 నెలలకే. కారు గుత్త అట్లా కాదు. మూడేళ్లో నాలుగేళ్లో ముడి వేస్తారు, ముందే విప్పుకుంటే తప్పు కట్టాలి. తిరిగి అప్పగించేనాడు గీతలు, సొట్టలు ఎవరు కొలుస్తారు? అహోబిలం పార్కింగులో కోతి బానెట్ మీద జారుడుబండ ఆడితే అది 'మామూలు అరుగుదల' కిందికి వస్తుందా? కుందూ పొంగి రోడ్డు మీదికొచ్చిన నీళ్లలో ఇంజను తడిస్తే? మామూలు బీమా దీనికి పైసా ఇవ్వదు, ఇంజను రక్షణ విడిగా తీసుకోవాలి. ఈ చివరిది సొంత కారుకూ వర్తిస్తుంది, కాబట్టి రెండు గడుల్లోనూ రాసుకోండి.

నంబరు పలక సంగతి విడిగా చెప్పాలి. లీజు బండ్లలో కొన్ని వాడుకునేవాడి పేరు మీదే తెల్లపలకతో వస్తాయి. కొన్ని కంపెనీ పేరు మీద, నల్లపలకపై పసుపు అక్షరాలతో వస్తాయి. నల్లపలక వాణిజ్య బండి కిందికి వస్తుంది. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు 200 ట్రిప్పులతో మొదలైన ఫాస్టాగు వార్షిక పాసు దానికి రాదు, వాణిజ్యేతర బండ్లకే. జాతీయ రహదారి మీదే బతుకు గడిచే బావకు ఇది చిన్న విషయం కాదు.

ఇక మేనల్లుడి చిట్కా: "హైదరాబాదులో నా పేరు మీద లీజు తీసుకుంటా, బండి నంద్యాలలో పెట్టుకోండి." వినడానికి బాగానే ఉంది. కానీ మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి నుంచి ఎన్వోసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్. బండి కంపెనీదైతే ఆ కాగితాల కోసం ఎవరు తిరుగుతారు? టీజీ పలకతో ఆళ్లగడ్డలో రోజూ కనబడే బండిని రవాణా శాఖ వాళ్లు ఏదో ఒకరోజు ఆపక మానరు.

కాగితం అయిపోయాక ఒక పని తప్పక చేయాలి. అంకెలు కదిలించి చూడాలి. తిరుగుడు ఏడాదికి 12,000 కిలోమీటర్లే అనుకుందాం. సర్వీసు, టైర్ల ఖర్చు 40 వేలు తగ్గుతుంది, అమ్మితే 7 లక్షలు వస్తుంది. సొంతం నెలకు 30,000, గుత్త 38,000. అప్పటికీ సొంతమే చవక. అయితే ఆ ఎనిమిది వేలు పెట్టి బీమా గొడవ, అమ్మకం బేరం తలమీద లేకుండా చేసుకునేవాళ్లు ఉంటారు, వాళ్లను తప్పుపట్టను. రెండేళ్లలో బదిలీ అయ్యే ఉద్యోగికి లెక్క ఇంకా మారుతుంది. 15 ఏళ్ల రిజిస్ట్రేషనుకు ముందే కట్టిన లైఫ్ టాక్సులో చాలా భాగం రెండేళ్లకే వదులుకోవాల్సి వస్తుంది.

మరి మేనల్లుడి ఆఫీసులో అందరూ వెర్రివాళ్లా? కాదు. వాళ్లది వేరే కాగితం. అక్కడ కంపెనీ లీజుకు తీసుకుని, అద్దెను జీతంలోంచి పన్ను పడకముందే కోసుకుంటుంది. 30 శాతం శ్లాబులో ఉన్నవాడికి సెస్సుతో 31.2 శాతం, అంటే 38,000 అద్దె మీద నెలకు 11,850 దాకా పన్ను తప్పుతుంది. కారు సౌకర్యం విలువ అని కొంత జీతానికి కలుపుతారు. 1961 నాటి చట్టం కింద 1.6 లీటర్ల లోపు ఇంజనుకు అది నెలకు 1,800 రూపాయలే ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి ఇప్పటి అంకె జీతాల విభాగంలో అడిగి వేసుకోవాలి. వాడు తిరిగేది ఇంటి నుంచి ఆఫీసుకు, వారానికి మూడు రోజులు. వాడికి గుత్తే మేలు, తీసుకొమ్మన్నాం.

బావ లాంటి వ్యాపారికి ఆ మేలు సగమే. సొంత కారు వ్యాపారానికి వాడితే ఏటా 15 శాతం తరుగు, అప్పు వడ్డీ ఖర్చులో రాసుకోవచ్చు. గుత్త అద్దె కూడా రాసుకోవచ్చు. జీఎస్టీ మాత్రం ఎటునుంచీ వెనక్కి రాదు, ప్రయాణికుల కారు మీద ఆ క్రెడిట్ చట్టమే ఆపేసింది.

కొనాలని తేలాక మిగిలినవి చేతి పనులు. డబ్బు పూర్తిగా కట్టకముందే బండి దగ్గరికి పోయి ఛాసిస్ నంబరు, తయారైన నెల చూశాం. ఆరు నెలలుగా యార్డులో ఎండిన బండి కాకూడదు. పెయింటును వెలుతురులో చూశాం, రాత్రి చూడొద్దు. అప్పు తీరాక బ్యాంకు ఎన్వోసీ, ఫారం 35తో ఆర్‌సీ మీద బ్యాంకు పేరు తీయించుకోవాలని ఇప్పుడే రాసిపెట్టుకున్నాం. ఈ పని మరిచిపోయి, అమ్మే రోజున ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు.

మహానందిలో పూజ చేయించి కారు ఇంటికొచ్చింది. బావ ఆ తెల్లకాగితం నాలుగు మడతలు పెట్టి, ఆర్‌సీ ఉన్న కవరులోనే దోపి, డ్యాష్‌బోర్డు అరలో పెట్టాడు.

"ఎందుకు బావా, పని అయిపోయె కదా?"

"అమ్మితే ఆరు లక్షలొస్తాదని రాసింది నువ్వే కదరా. రాకపోతే తక్కువైంది నీ దగ్గరే వసూలు చేస్తా."