ఇరుగుపొరుగు నీరు – సిద్ధరాముని చెరువు నేర్పు పాఠము

గచ్చిబౌలి అను పేరులోనే బావి యున్నది. గచ్చు అనగా సున్నపు పూత; బౌలి అనగా దిగుడుబావి. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము ఏర్పడిన కాలమున ఈ ప్రాంతము బండరాళ్లు, పొదలు, కుంటలు గల పల్లెసీమ. 1998లో సమీపమున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట బహుళ అంతస్తుల నివాసములు బారులు తీరినవి. బావి మాత్రము పేరున మిగిలినది. 2024 వేసవిలో పశ్చిమ హైదరాబాదున బోరుబావులు అడుగంటి, అనేక కుటుంబములు ట్యాంకరు నీటికై ఎదురుచూడవలసి వచ్చెను.

ఇట్టి కాలమున శరణుని ధర్మమేమి? నీరు తగ్గినంతనే బోరును మరింత లోతు చేయించుట లోకరీతి. అట్లు చేసినవానికి కొన్నాళ్లు నీరు దొరకును. పొరుగువాని బోరు ఎండును. ఆతడును లోతు చేయించును. తుదకు ఇరువురికిని నీరుండదు. నేల పైన ప్రహరీగోడ కట్టవచ్చును గాని నేల లోపలి నీటికి గోడ లేదు. 2002లో వచ్చిన జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము బావుల త్రవ్వకమునకు కట్టడి విధించి, వాననీటిని ఇంకించు ఏర్పాట్లను కోరినది. కాని చట్టము గుంతను త్రవ్వదు, ఇరుగుపొరుగువారే త్రవ్వవలయును.

ఆ పని కష్టసాధ్యము కాదు. హైదరాబాదున ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురియును. 100 చదరపు మీటర్ల డాబాపై ఆ లెక్కన 80,000 లీటర్ల నీరు పడును. రోజునకు 500 లీటర్లు వాడు కుటుంబమునకు అది 160 దినముల నీరు. కొంత ఆవిరియై పోయినను మిగిలినది స్వల్పము కాదు. డాబా నీటిని గొట్టము ద్వారా దించి, అడుగున పెద్ద రాళ్లు, నడుమ కంకర, పైన ఇసుక పరచిన ఇంకుడుగుంతలోనికి మళ్లించిన చాలును. ఏటేట వానలకు ముందు డాబాను ఊడ్చి, గుంతలోని పూడికను తీయవలయును. పెక్కు గుంతలు పాడగుట ఈ చిన్న పనిని మరచుట వలననే.

ఇంకిన నీరు త్రవ్వినవాని బోరునకే చేరునన్న నియమము లేదు, పొరుగింటికిని చేరును. లోకదృష్టికి ఇది నష్టము. బసవేశ్వరుని బోధ ప్రకారము ఇదియే దాసోహము. చెమటోడ్చి చేసిన పని కాయకము. దాని ఫలమును సమాజమునకు సమర్పించుట దాసోహము. ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చెడివాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ దానిని తిరిగి ఇచ్చి రమ్మని పంపెను. బియ్యమునకు ఆమె చెప్పిన నీతి నీటికిని వర్తించును.

అయినను ఊరి మేలు చేయువానికి ఒక ప్రమాదము పొంచియుండును. సొన్నలిగె సిద్ధరాముడు, నేటి సోలాపురమున, లోకహితార్థము గొప్ప చెరువును త్రవ్వించెను. అల్లమప్రభువు అచటికి వచ్చి, సిద్ధరాముని మట్టిపని చేయించు ఒడ్డెవానిగా సంబోధించెనని శూన్యసంపాదన తెలుపును. పనివారు కోపించి రాళ్లు రువ్విరి. అల్లమప్రభువు ఆక్షేపించినది చెరువును కాదు, చేయించితినను అభిమానమును. సిద్ధరాముడు దానిని గ్రహించి కల్యాణమునకు వెళ్లి చెన్నబసవేశ్వరుని వలన ఇష్టలింగదీక్ష పొందెను. చెరువు నేటికిని ఉన్నది.

ఈ కథ నివాససంఘములకు అద్దము వంటిది. గుంత త్రవ్వుటకు ముందే శిలాఫలకముపై ఎవరి పేరుండవలెనను తగవు పుట్టిన సంఘములో గుంత త్రవ్వబడదు. పంచాచారములలో గణాచారము సమాజహితమునకై నిలువుమని చెప్పును. భృత్యాచారము అందరికంటె చిన్నవాడనై సేవింతునని చెప్పును. రెండవది లేని మొదటిది కలహమగును.

అనుభవమంటపమున మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య తమ వృత్తులతోనే గౌరవము నొందిరి. కావున నివాససంఘపు సమావేశమున ఫ్లాటు యజమానులతో పాటు అద్దెకున్నవారికి, కావలివానికి, ఊడ్చు తల్లికి కూడ ఆసనముండవలయును. ఏ మూల నీరు నిలుచునో, ఏ కాలువ పూడినదో వారికే బాగుగా తెలియును.

కలిసిన చేతుల శక్తికి నిదర్శనము సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట మెట్లబావి. దశాబ్దములుగా చెత్తతో పూడిన ఆ బావిని వాస్తుశిల్పి కల్పనా రమేష్ నడపు సంస్థయు, ప్రభుత్వ శాఖలును కలిసి బాగుచేయగా 2022 డిసెంబరు 5న అది తిరిగి ప్రజలకు అందినది. చెత్త తీసినకొలది నీరు పైకి వచ్చెను. నీరు ఎక్కడికిని పోలేదు. మనుష్యులే దానిని కప్పియుంచిరి.

మఠములకు విశాలమైన డాబాలు కలవు. గృహస్థులకు పొరుగువారు కలరు. వచ్చు వానలకు ముందు ప్రతి మఠమును ఒక గుంతను, ప్రతి కుటుంబమును ఒక పొరుగింటి తలుపును తట్టినచో, పాదోదకమును పవిత్రముగా స్వీకరించు సమాజము నేలలోని నీటిని కూడ ప్రసాదముగా భావించినదగును.

శరణు శరణార్థి.