రిస్టోర్ తర్వాత ల్యాప్‌టాప్ మెమరీని పరీక్షించుకోవడం ఎలా?

మన ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చింది మనమే మొదటివాళ్లం. ల్యాప్‌టాప్ మొరాయిస్తే అడగడానికి ఇంట్లో ఎవరూ ఉండరు. షాపులో "ర్యామ్ పోయింది, మార్చాలి" అంటే స్కాలర్‌షిప్ డబ్బులు అక్కడే ఖర్చవుతాయి. ఆ మాట నిజమో కాదో ఎవరికి వారే తేల్చుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

ర్యామ్ అంటే మనం చదువుకునే బల్ల వంటిది. హార్డ్ డిస్క్ ట్రంకుపెట్టె వంటిది. బల్ల నిండిపోతే ప్రతి పుస్తకానికీ పెట్టె దగ్గరికి లేచి వెళ్లాలి. ర్యామ్ నిండినప్పుడు ల్యాప్‌టాప్ నెమ్మదించేది ఇందుకే.

సిస్టమ్ రిస్టోర్ ఏం చేస్తుంది?

సిస్టమ్ ఫైళ్లను, డ్రైవర్లను, ప్రోగ్రాములను పాత తేదీనాటి స్థితికి తెస్తుంది. మన ప్రాజెక్టు ఫైళ్లు, ఫోటోల జోలికి పోదు. ఆ తేదీ తర్వాత వేసుకున్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి. ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది, రిస్టోర్ వల్ల ర్యామ్ చిప్ చెడిపోదు, చెడిపోయిన చిప్ బాగుపడదు.

పరీక్షించే పద్ధతి (విండోస్ 10, 11)

1. రిస్టోర్ కాగానే కొలవకూడదు. అప్‌డేట్లు, యాంటీవైరస్ వెనకాల మళ్లీ పని మొదలుపెడతాయి. అవి పూర్తయ్యాక 'రీస్టార్ట్' నొక్కాలి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న ల్యాప్‌టాప్‌లో 'షట్ డౌన్' చేస్తే సిస్టమ్ పూర్తిగా కొత్తగా మొదలవదు.

2. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆపై మెమరీ చూడాలి. కొన్నప్పుడు 8 జీబీ అని చెప్పి ఇక్కడ 4 జీబీ చూపిస్తే ఒక ర్యామ్ ముక్క సరిగా కూర్చోలేదేమో చూడాలి. 'హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్' దగ్గర కొంత తగ్గడం మామూలే, అది గ్రాఫిక్స్ వాడుకునే భాగం.

3. 'క్యాష్డ్' అంకె పెద్దగా ఉన్నా భయపడవద్దు. అవసరమైతే విండోస్ ఆ చోటును వెంటనే ఖాళీ చేస్తుంది. చూడవలసింది 'అవైలబుల్'. ఏమీ తెరవకుండానే అది బాగా తక్కువగా ఉంటే ప్రాసెసెస్ పేజీలో మెమరీ శీర్షిక మీద నొక్కండి. ఎక్కువ తినేవి పైకి వస్తాయి. అనవసరమైనవాటిని స్టార్టప్ పేజీలో డిసేబుల్ చేయండి.

4. చివరగా చిప్ పరీక్ష. పని సేవ్ చేసుకుని, సెర్చ్‌లో 'విండోస్ మెమరీ డయాగ్నస్టిక్' తెరిచి రీస్టార్ట్‌కు ఒప్పుకోండి. నీలి తెర మీద పరీక్ష నడుస్తుంది. చాలాసేపు పట్టవచ్చు, ఛార్జర్ పెట్టి ఉంచండి. ఫలితం లాగిన్ అయ్యాక కనిపిస్తుంది. కనిపించకపోతే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్ కింద 'మెమరీ డయాగ్నస్టిక్స్ రిజల్ట్స్' వెతకండి.

ఫలితాన్ని బట్టి

లోపం చూపిస్తే ఎన్నిసార్లు రిస్టోర్ చేసినా లాభం లేదు. రెండు ముక్కలుంటే ఒక్కొక్కటే పెట్టి మళ్లీ పరీక్షించాలి, చెడిన ముక్క ఒక్కటే మారిస్తే చాలు. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, అక్కడ ముక్క మార్చే వీలుండదు. లోపం లేకపోతే మందకొడితనానికి కారణం డ్రైవరో, స్టార్టప్ ప్రోగ్రాములో, పాత హార్డ్ డిస్కో కావచ్చు.

ల్యాప్‌టాప్ బాగున్న రోజునే ఈ అంకెలు నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. రేపు షాపుకు వెళ్లవలసి వస్తే ఆ కాగితం పట్టుకుని వెళ్లండి. తెలిసి అడిగేవాడికి మోసపోయే అవకాశం తక్కువ. మీరు నేర్చుకున్నాక పక్క గది తమ్ముడికీ నేర్పండి.