పెళ్లికి తేనె కానుక: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మొయినాబాద్ దగ్గర మాకు చిన్న తోట ఉంది. తేనెటీగల పెట్టెలు కూడా పెట్టినం. మా చెల్లె పెండ్లి వచ్చే మాఘంల. తేనెను పులియబెట్టి 'మీడ్' అని ఒక వైన్ చేస్తరని, ఏడాది నిలవ ఉంటే చాలా బాగుంటదని దోస్తు చెప్పిండు. సొంత తేనెతో చేసి చెల్లెకు, కాబోయే బావకు ఇద్దామని ఉంది. గాజు జాడీ సరిపోతదా, చెక్క పీపా కావాల్నా?
- ఒక పాఠకుడు, మొయినాబాద్

జవాబు: జాడీయా, పీపానా అన్నది తర్వాతి మాట. ముందు ఆబ్కారీ సంగతి తేలాలి. మన రాష్ట్రంలో నడుస్తున్న ఎక్సైజ్ చట్టం 1968 నాటిది. దాని ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడమే నేరం. జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. 'అమ్మడానికి కాదు, ఇంట్లోవాళ్లకే' అంటే చెల్లదు. తాతల నాటి నుంచి కల్లు గీస్తున్న గౌడన్నకే సొసైటీ లైసెన్సో, టీఎఫ్‌టీ లైసెన్సో ఉండాలి కదా! నల్లబెల్లం పులిసే గుడుంబా డ్రమ్ము, తేనె పులిసే మీ జాడీ రెండూ ఆ చట్టం కిందికే వస్తాయి. పైగా మీ మండలంలో ఫాంహౌస్ అంటేనే పోలీసుల చూపు పడుతుంది. పర్మిట్ లేకుండా మందు విందులు పెట్టినవాళ్ల మీద కేసుల వార్తలు మీరూ చదువుతూనే ఉంటారు. పెళ్లి పత్రికలు పంచాల్సిన రోజుల్లో పంచనామా ఎందుకు చెప్పండి?

పుణె, నాసిక్‌లలో లైసెన్సుతో మీడ్ చేసే సంస్థలున్నాయి. అక్కడ కొని డిక్కీలో వేసుకొద్దామనీ అనుకోకండి. ఇక్కడ సుంకం కట్టని పక్క రాష్ట్రం సరుకు దొరికితే 'నాన్ డ్యూటీ పెయిడ్ లిక్కర్' అని పట్టుకుంటారు.

మీ కోరిక మాత్రం నాకు నచ్చింది. సొంత తేనె వాడాలి, నిలవ ఉన్నకొద్దీ రుచి పెరగాలి, చెల్లి చేతిలో పెట్టాలి. అంతే కదా! అయితే గుల్కందు చేయండి. చేవెళ్ల, మొయినాబాద్ పక్కన గులాబీ తోటలకు కొదవ లేదు. కాకపోతే పాలీహౌస్ గులాబీ దీనికి పనికిరాదు. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్లే ఆ పొడుగు కాడల పూలు చూడ్డానికి బాగుంటాయి కానీ వాసన తక్కువ, మందుల పిచికారీ ఎక్కువ. మందు కొట్టని నాటు గులాబీ, ముక్కు దగ్గర పెట్టుకోగానే గుప్పుమనేది వెతకండి. దొరక్కపోతే ఇప్పుడే పెరట్లో నాలుగు మొక్కలు నాటుకోండి.

పొద్దున్నే కోసిన పూల రేకులు విడదీసి కడిగి, తడి పూర్తిగా పోయేదాకా నీడలో ఆరబెట్టండి. రేకుల బరువుకు సమానంగా పటికబెల్లం పొడి తీసుకుని, గాజు సీసాలో ఒక వరస రేకులు, ఒక వరస పొడి వేసుకుంటూ పోండి. మూత బిగించి నెల రోజులు ఎండలో పెట్టాలి. రోజూ పొడి గరిటెతో కలపాలి. మొదటి వారంలోనే రేకులు నీరొదిలి సగానికి కుంగుతాయి, రంగు ముదురుతుంది. చివర్లో, పాకం చిక్కబడ్డాకే మీ తేనె కలపండి. ముందే పోస్తే రేకుల నీరు తేనెలో చేరి, మీరు వద్దనుకున్న పులుపు మొదలవుతుంది. ఈ వేసవిలో పెడితే మాఘానికి బాగా ముదిరిన గుల్కందు చేతికొస్తుంది. విందు తర్వాత కిళ్లీల్లోకి కొంత, చెల్లి అత్తారింటికి ఒక సీసా.

ఇంకో మాట. మధుపర్కానికి తేనె ఎలాగూ కావాలి. పురోహితుడు సామాన్ల చీటీ రాసేటప్పుడే తేనె మాది అని చెప్పేయండి.

ప్రశ్న: మాది చేవెళ్ల. ఉద్యోగం డాలస్‌లో. మా తమ్ముని పెండ్లికి ఇక్కడే మీడ్ చేసి తీసుకురావచ్చా? ఎంత ముందు మొదలుపెట్టాలె?
- ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: మీకు ఆ వెసులుబాటు ఉంది. అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం ఇంటి వాడకానికి ఏడాదికి 100 గ్యాలన్ల దాకా వైన్ పన్ను లేకుండా చేసుకోవచ్చు. ఇంట్లో ఇద్దరు అంతకు మించి పెద్దలుంటే 200 గ్యాలన్లు. మీడ్ వైన్ కిందికే వస్తుంది. అమ్మకూడదు.

పది నెలల ముందు మొదలుపెట్టండి, ఏడాదైతే మరీ మంచిది. గ్యాలన్ జాడీకి రెండున్నర పౌండ్ల తేనె వేసి, మిగతాది నీళ్లు పోయండి. పూర్తిగా పులిస్తే ఆల్కహాల్ 11, 12 శాతం వస్తుంది. తేనెను మరిగించకండి, వాసన ఆవిరైపోతుంది. గోరువెచ్చని నీటిలో కరిగిస్తే చాలు. తగిలే ప్రతి గిన్నె, గొట్టం శానిటైజర్‌తో శుభ్రం చేయాలి.

చాలామంది తప్పటడుగు వేసేది ఈస్ట్ దగ్గర. ద్రాక్షరసంలో ఈస్ట్‌కు కావలసిన నత్రజని ఉంటుంది. తేనెలో దాదాపు ఉండదు. అందుకే ఈస్ట్ న్యూట్రియంట్ కొని, మొదటి వారంలో మూడు నాలుగు విడతలుగా వేయండి. ఆకలితో ఉన్న ఈస్ట్ కుళ్లిన గుడ్డు వాసన వదులుతుంది. 71బీ రకం ఈస్ట్ కొత్తవాళ్లకు అనువైంది. డీ47కు మంచి పేరుంది కానీ వేడి 20 డిగ్రీలు దాటితే ఘాటు తేలుతుంది. డాలస్ ఎండకు గరాజ్‌లో అసలు పెట్టకండి, ఏసీ ఉన్న అల్మారా మేలు.

నెల తర్వాత హైడ్రోమీటర్‌తో చూడండి. రెండు వారాల తేడాలో రీడింగ్ మారకపోతే పులియడం ఆగినట్టు. అప్పుడు అడుగున మడ్డి కదలకుండా సైఫన్ గొట్టంతో ఇంకో జాడీలోకి వంచండి. రెండు మూడు నెలలకు మళ్లీ ఒకసారి. పులియడం ఆగకముందే సీసాల్లో బిగిస్తే గాజు పగిలి గోడకెక్కుతుంది. తియ్యదనం కోసం చివర్లో తేనె కలపాలంటే, ముందు మెటాబైసల్ఫైట్, సార్బేట్ రెండూ వేసి ఈస్ట్‌ను అదుపులో పెట్టాలి. మూడో నెలలో రుచి చూస్తే మందుల సీసాలా ఘాటుగా ఉంటుంది. పారబోయకండి. ఎనిమిదో నెలకు అదే సీసా మెత్తబడుతుంది.

మనదేశంలో దిగే ప్రయాణికులకు సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం అనుమతి. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. ఏముందో, ఎంత శాతమో లేబుల్ రాసి అంటించి, బట్టల్లో చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. అడిగితే దాచకుండా చెప్పండి. చదివింపుల్లో మైకులో చదివించుకునే కానుక కాదిది. పెద్దలంతా వెళ్లిపోయాక తమ్ముడి గదిలో ఇవ్వండి. రెండో సీసా మొదటి పెళ్లిరోజు దాకా చీకట్లో పడుకోబెట్టి ఉంచమనండి. తెలంగాణలో తాగే వయసు 21 అని మేనల్లుళ్లకు ముందే చెప్పాలి మరి!

ప్రశ్న: తోట దగ్గర కొన్న తేనె సీసా మూత తీస్తే నురగ పొంగింది. ఇంకో సీసా గడ్డ కట్టింది. రెండూ కల్తీయేనా?
- చేవెళ్ల

జవాబు: రెండూ వేరు వేరు. గడ్డ కట్టడం తేనె స్వభావం. సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచితే కరుగుతుంది. నురగ వచ్చిందంటే అందులో తేమ ఎక్కువ. మూత వేయని పచ్చి గదుల్లోంచి తొందరపడి పిండిన తేనెలో ఇలా జరుగుతుంది. తేనెలో తేమ 20 శాతం దాటకూడదని ఆహార భద్రతా ప్రమాణాలే చెబుతున్నాయి. పొంగిన తేనెను అమ్మినవాళ్లకు చూపించి మార్చుకోండి. పెట్టెలు పెట్టాలనుకునేవాళ్లకు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ టెక్నాలజీ పార్కు దగ్గర్లోనే ఉంది. అక్కడ తేనెటీగల పెంపకం నేర్పిస్తారు.

మీ ఇంట్లో పసిబిడ్డ ఉన్నట్టు ఉత్తరంలో రాశారు. పురుడయ్యాక నాలుకకు తేనె రాయడం మనకు అలవాటు. ఏడాది నిండేదాకా మాత్రం వద్దు. మంచి తేనెలోనూ బోట్యులిజం విత్తనాలుండవచ్చు. వాటిని తట్టుకునే శక్తి పెద్దల పేగుల్లో ఉంటుంది, పసిపిల్లలకు ఉండదు.