గేరు పెట్టె విప్పకముందే

భద్రాచలం

మేనల్లుడికి,

కూనవరం రేవులో నీ పడవ ఇంజను మొరాయిస్తోందని మీ అమ్మ చెప్పింది. ఫోన్లో మాట్లాడదామంటే మీ దగ్గర సిగ్నలు నిలవదు. అయినా ఇలాంటివి కాగితం మీద ఉంటేనే మేలు, ఇంజను పక్కన పెట్టుకుని చూసుకోవచ్చు. ముందు గేరు పడుతుంది గానీ రేసు పెంచగానే జారిపోతోందట, రివర్సు అసలు పడటం లేదట. గేరు పెట్టె మొత్తం మార్చాలని ఎవరో అన్నారట. ఆ మాట ఇప్పుడే నమ్మకు. పాత టూ స్ట్రోక్ ఇంజన్లలో గేరు జబ్బు అనుకున్నవి చాలావరకు గేరు దాకా పోవు.

ముందు ప్లగ్గుల క్యాపులు పీకెయ్. ప్రొపెల్లరు ఫ్యాను మీద చెయ్యి ఉండగా ఇంజను పొరపాటున కూడా అందుకోకూడదు. న్యూట్రల్లో ఫ్యాను తేలిగ్గా తిరగాలి. దాన్ని తిప్పుతూనే పక్కవాడితో లివరు రివర్సుకు లాగించు. టక్కుమని పడి, ఇంజను బరువు నీ చేతికి తెలియాలి. ఫ్యాను కదల్చకుండా లివరు గుంజితే పళ్ళకు పళ్ళు ఎదురై ఆగిపోతుంది. అది జబ్బు కాదు.

వేసవిలో నీళ్ల పంపు ఇంపెల్లరు మార్పించావు కదా. గోదావరి ఇసుకకు ఆ రబ్బరు అరుగుతూనే ఉంటుంది, మార్చక తప్పదు. కానీ దాని కోసం ఇంజను కాలు దింపాలి, కాలు దింపాలంటే గేరు రాడ్డు జోడింపు విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు మర కొన్ని చుట్లు ఎక్కువో తక్కువో అయిందంటే లివరు ఒక గేరుకు చాలీచాలకుండా, ఇంకో గేరుకు అసలే అందకుండా పోతుంది. నాకు మొదటి అనుమానం దాని మీదే. పైన లివరూ కింద రాడ్డూ రెండూ న్యూట్రల్లో ఉండగా జోడించి, ముందుకీ వెనక్కీ నిండుగా పోతోందో లేదో చూసి, అప్పుడు లాక్ నట్టు బిగించు. లివరు కీళ్లలో బుష్షులు అరిగి ఊగుతున్నా ఇదే తంటా.

అక్కడ తప్పు లేకపోతే ఫ్యాను చూడు. దాని బొడ్డుకూ బయటి రెక్కల భాగానికీ మధ్య రబ్బరు బుష్ ఉంటుంది. రెండింటి మీదుగా పెయింటుతో ఒక గీత గీసి, లోడు మీద కాసేపు నడిపి చూడు. గీత తెగి పక్కకు జరిగితే జారుతున్నది గేరు కాదు, బుష్. రివర్సులో ఇంజను తోక లేపుతుంటే వెనక కొక్కెం పడలేదన్నమాట, దానికీ గేరుకూ సంబంధం లేదు.

తర్వాత ఆయిలు. రాత్రంతా ఇంజను నిలబెట్టి ఉంచి, పొద్దున కింది స్క్రూ కొద్దిగా వదులు చెయ్. ముందు నీళ్లు కారినా, ఆయిలు మజ్జిగలా తెల్లగా వచ్చినా సీలు పోయినట్టే. మన వైపు సీళ్లను తినేది వలల నైలాను దారం. ఫ్యాను వెనక షాఫ్టుకు చుట్టుకుని, తిరిగి తిరిగి సీలును కోసేస్తుంది. వలలు వేసే రోజుల్లో అప్పుడప్పుడు ఫ్యాను విప్పి ఆ దారం తీసెయ్. కొత్త ఆయిలు 90 నంబరుది, కింది రంధ్రం నుంచే ఎక్కించు. పై రంధ్రంలోంచి పొంగాక ముందు పై స్క్రూ, తర్వాత కింది స్క్రూ. వాషర్లు కొత్తవి వెయ్యి.

వచ్చిన ఆయిల్లో ఇనప రవ్వలు కనిపిస్తే అప్పుడు విప్పించు. లోపల రెండు గేర్లూ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, వాటి మధ్య డాగ్ క్లచ్ అటూ ఇటూ జరిగి ఒకదాన్ని పట్టుకుంటుంది. దాని పళ్ళ అంచులు చదరంగా ఉన్నంత కాలం పట్టు ఉంటుంది. గుండ్రంగా అరిగాయంటే రేసుకు జారిపోతుంది. వెల్డింగు పెట్టించి లేతులో తీయిస్తామంటారు, ఒప్పుకోకు. ఆ వేడికి ఉక్కు గట్టిదనం పోతుంది. క్లచ్చూ, దానికి ఎదురుగా అరిగిన గేరూ కలిపి మార్చు. 2014లో మీ మండలం ఆంధ్రలో కలిసింది గానీ ఆయిలుకూ వాషర్లకూ మీకు ఇప్పటికీ భద్రాచలమే దగ్గర. గేరు సామాన్లకు మాత్రం కాకినాడ పోవాల్సిందే.

ఆ పళ్ళు అరిగేది మన చేతి వల్లే. సుతారంగా పెడితే గేరుకు మంచిదనుకుంటారు మన పడవ వాళ్లు. మెల్లగా తోస్తే పళ్ళు కరకరమని రాసుకుంటాయి. రేసు పూర్తిగా దించి, ఐడ్లింగు నిలిచాక, లివరు ఒక్క ఊపులో వెయ్యాలి. ఐడ్లింగు ఎక్కువగా ఉంటే ముందు దాన్ని సరిచెయ్, అది సరికాకుండా క్లచ్ మార్చినా మళ్లీ అరుగుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు పోయింది. 53 అడుగులకే మూడో హెచ్చరిక ఇస్తారు. అలాంటప్పుడు శబరి ఎగదన్ని మీ ఊళ్ల దారులు మునిగితే జనం నీ పడవ కోసమే చూస్తారు. శబరి, గోదావరి కలిసే చోట సుడుల్లో గేరు జారిందంటే ఇంజను ఎంత మోగినా పడవ నీ మాట వినదు. తెడ్లూ లంగరూ పడవలోనే ఉంచు. నిండు లోడు మీద గేరు నిలిచి, రివర్సు ప్రతిసారీ పడేదాకా ఒక్క మనిషిని కూడా ఎక్కించకు. డబ్బులు ఎక్కువిస్తామన్నా సరే.

మీ మావయ్య