బోర్డు చదివి పడవ ఎక్కుదాం



ఈ పాఠం పేరు చెప్పగానే మన కేంద్రంలో ఒక పెద్దమ్మ నవ్వింది.

"తాగేదానికే నీళ్లు చాలవు. క్యాన్ల నీళ్లు కొనుక్కుంటున్నాం. మనకి పడవల పాఠం ఎందుకు టీచరమ్మా?" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పెద్దమ్మ మాట నిజమే. పెద్దారవీడు మెట్ట ప్రాంతం. వాన పడితేనే కంది, మిరప, పత్తి. పడవ మన ఇంటి ముందు ఉండే వస్తువు కాదు.

కానీ మనం శ్రీశైలం పోతాం. పాతాళగంగలో స్నానం చేస్తాం. అక్కడ పడవలు ఉన్నాయి. పిల్లలు ఎక్కుదామని మారాం చేస్తారు. బెజవాడ పోతే కృష్ణలో పడవ షికారు ఉంది. బడి పిల్లలు విహారయాత్రకి పోతారు. మనలో ఎంతమందికి ఈత వచ్చు? చేతులు ఎత్తమంటే ఇద్దరే ఎత్తారు. ఈత రాని వాళ్లమే పడవ గురించి ఎక్కువ తెలుసుకోవాలి.

అందుకే ఈ పాఠం.

పుట్టి, దోనె, సంగడి

పుట్టి అంటే మనకు ధాన్యం కొలత గుర్తుకొస్తుంది. 20 తూములు ఒక పుట్టి. నీళ్ల మీద పోయే పుట్టి వేరు. అది పెద్ద వెదురు బుట్ట. గుండ్రంగా ఉంటుంది. పూర్వం దాని అడుగున తోలు కప్పేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తారు. నీళ్లు లోపలికి రావు. శ్రీశైలం జలాశయంలో చేపలు పట్టేవాళ్లు పుట్టిలోనే పోయి వలలు వేస్తారు. హంపి దగ్గర తుంగభద్రలో యాత్రికులు సరదాగా పుట్టి ఎక్కి తిరుగుతారు. పుట్టికి ముందూ వెనకా లేదు. తెడ్డు వేయడం రాకపోతే అది ఉన్నచోటే గిరగిర తిరుగుతుంది.

దోనె సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కొల్లేరు సరస్సు దగ్గర తాటి దోనెలు చేస్తారు. తాటిమాను మనకూ తెలుసు. పైన గట్టిగా ఉంటుంది. లోపల మెత్తగా ఉంటుంది. ఆ మెత్తని భాగం తొలిచేస్తే పొడుగాటి తొట్టిలాగా అవుతుంది. అదే దోనె. లోతు తక్కువ ఉన్నచోట గెడ పోటు వేసి నడుపుతారు. లోతు ఉన్నచోట తెడ్డు వేస్తారు.

సన్నని దోనె తొందరగా పక్కకు ఒరుగుతుంది. అందుకని రెండు దోనెలను పక్కపక్కన చేర్చి కడతారు. దాన్ని సంగడి అంటారు. మనం తినే సంగటి కాదు, సంగడి! సంగడి అంటే జత అని కూడా అర్థం. ఒక్క దోనె ఒరుగుతుంది. జత దోనెలు నిలబడతాయి. మన పొదుపు సంఘం లాగానే.

ఎందుకు తేలుతుంది? చేసి చూడండి

ఇనుప మేకు నీళ్లలో మునుగుతుంది. ఇనుప బాండలి తేలుతుంది. ఎందుకు?

ఒక పెద్ద టబ్బులో నీళ్లు పోయండి. ఒక చిన్న గిన్నెను నీళ్ల మీద పెట్టండి. తేలుతుంది. గిన్నె అడుగు కొంచెం నీళ్లలోకి దిగుతుంది. దిగినంత మేర నీళ్లను పక్కకు నెడుతుంది. పక్కకు పోయిన నీళ్ల బరువు, గిన్నె బరువు సమానం. నీళ్లు గిన్నెను మోస్తున్నాయన్నమాట.

ఇప్పుడు గిన్నె మధ్యలో గులకరాళ్లు ఒక్కొక్కటే వేయండి. లెక్క పెట్టండి. ప్రతి రాయికీ గిన్నె కొంచెం కిందికి దిగుతుంది. చివరికి నీళ్లు అంచు దాకా వస్తాయి. ఇంకొక్క రాయి వేయండి. నీళ్లు లోపలికి వస్తాయి. గిన్నె బుడుంగున మునుగుతుంది.

మునగడానికి కారణం ఏ రాయి? మేము చేసినప్పుడు "చివరి రాయి" అన్నారు కొందరు. "కాదు, అన్ని రాళ్లూ" అంది ఒక చెల్లెలు. ఆ అమ్మాయి చెప్పిందే సరి.

మళ్లీ చేయండి. ఈసారి సగం రాళ్లే తీసుకోండి. అన్నీ ఒక పక్కనే వేయండి. గిన్నె ఒరుగుతుంది. తక్కువ రాళ్లతోనే మునుగుతుంది.

ఈ గిన్నె రెండు సంగతులు నేర్పింది. ఒకటి: బరువు మితి దాటకూడదు. రెండు: బరువు ఒక పక్కకు చేరకూడదు. పడవలో ఫోటో కోసం అందరూ ఒక పక్కకు జరిగితే అదే జరుగుతుంది. ఒక్కసారిగా లేచి నిలబడినా పడవ ఊగుతుంది. కూర్చున్న మనిషి బరువు కింద ఉంటుంది. నిలబడితే బరువు పైకి పోతుంది. తల మీద మూడు బిందెలు పెట్టుకుంటే నడక ఎట్లా ఉంటుందో మీకు తెలుసు కదా.

పడవ ఆట కూడా

ప్రపంచంలో చాలాచోట్ల మన దోనె లాంటి పడవలు ఉన్నాయి. ఉత్తర అమెరికాలో అక్కడి మొదటి జాతులవారు కర్ర చట్రానికి చెట్టు బెరడు కప్పి తేలికైన పడవ చేసేవారు. దాన్ని కనో అంటారు. మంచు దేశాలవారు సీలు అనే జంతువు తోలుతో కయాక్ చేసేవారు. కనో తెడ్డుకు ఒక కొసనే రెక్క ఉంటుంది. కయాక్ తెడ్డుకు రెండు కొసలా రెక్కలు ఉంటాయి. పనికోసం పుట్టిన ఈ పడవలు తరువాత సరదాకీ, పందేలకీ పనికొచ్చాయి.

ఒలింపిక్స్‌లో ఈ పందేలు 1936లో చేరాయి. ఆడవాళ్లకు 1948లో కయాక్ పందెం పెట్టారు. కనో పందెం మాత్రం 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ దాకా ఆడవాళ్లకు పెట్టనే లేదు. నీళ్ల మీద కూడా ఆడవాళ్లు అంతకాలం ఆగవలసి వచ్చింది.

మన దేశంలో ప్రాచీ యాదవ్ అనే అమ్మాయి ఉంది. ఊరు గ్వాలియర్. పుట్టినప్పటి నుంచి కాళ్లలో సత్తువ లేదు. ముందు ఈత నేర్చుకుంది. తరువాత భోపాల్ చెరువులో కయాక్ నడపడం నేర్చుకుంది. 2021లో టోక్యో పారాలింపిక్స్ పడవ పందెంలో ఫైనల్ దాకా వెళ్లింది. మన దేశం నుంచి ఆ పోటీకి పోయిన మొదటి మనిషి ఆమే. 2023లో చైనాలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. నేల మీద నడవలేని అమ్మాయి నీళ్ల మీద అందరికన్నా ముందు పోయింది.

కాబట్టి నీళ్లంటే భయపడి ఇంట్లో కూర్చోమని ఈ పాఠం చెప్పదు. తెలుసుకుని ఎక్కమని చెబుతుంది.

ఒక అక్క చేసిన పని

మన కేంద్రంలో చదువు నేర్చుకున్న ఒక అక్క చుట్టాలతో యాత్రకి పోయింది. ఒక రేవులో పడవ ఎక్కబోయారు. పడవ పక్కన బోర్డు ఉంది. అక్క కూడబలుక్కుని చదివింది.

"8 మం-ది-కి మిం-చి ఎక్క-రా-దు."

లోపల ఉన్నవాళ్లను లెక్క పెట్టింది. అప్పటికే 8 మంది ఉన్నారు.

"ఎక్కండమ్మా, ఎక్కండి. మీరు ముగ్గురే గదా. అందులో ఒకడు పిల్లోడు. సర్దుకుంటారు" అన్నాడు పడవ అతను.

"సర్దుకునేది బస్సులో నాయనా. నీళ్ల మీద కాదు. మేము తరువాత పడవకి వస్తాం" అంది అక్క.

వాళ్ల వదినకు కోపం వచ్చింది. "అందరి ముందర ఏందిది? నాలుగు అక్షరాలు వస్తే ఇంత పెత్తనమా?" అంది.

అక్క మాట్లాడలేదు. మనవడి చెయ్యి పట్టుకుని అరగంట ఎండలో నిలబడింది. తరువాత పడవలో జాకెట్లు అడిగి తీసుకుంది. ఒకదానికి పట్టీ తెగి ఉంది. అది మార్చమంది. అప్పుడు ఎక్కింది.

ముందు పోయిన పడవకు ఏమీ కాలేదు. క్షేమంగా తిరిగి వచ్చింది. దారి పొడుగునా చుట్టాలు అక్కను ఎగతాళి చేశారు.

మరుసటి వారం అక్క నన్ను అడిగింది. "వాళ్లకేమీ కాలేదు గదా. నేను చేసింది తప్పా టీచరమ్మా?"

నేను ఆమెకు ఒక జరిగిన సంగతి చెప్పాను.

2017 నవంబరు 12. కార్తీక మాసం, ఆదివారం. ఒంగోలు నుంచి కొంతమంది కలిసి విజయవాడ యాత్రకి పోయారు. వాళ్లలో ఆడవాళ్లూ చాలామంది ఉన్నారు. సాయంత్రం హారతి చూడాలని కృష్ణలో పడవ ఎక్కారు. అది అనుమతి లేని పడవ. చాలామంది ఒంటి మీద జాకెట్లు లేవు. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ తిరగబడింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు వాళ్లే.

వాళ్లూ మనలాంటివాళ్లే. పుణ్యానికి పోయారు. హారతి వేళ దాటిపోతుందని తొందరలో ఉన్నారు.

అక్క చాలాసేపు మాట్లాడలేదు.

ప్రమాదం రోజూ జరగదు. జరిగే రోజు ఏదో ముందుగా తెలియదు. అందుకని రోజూ బోర్డు చదవాలి. అక్క చేసింది తప్పు కాదు. ఆమె నేర్చుకున్న అక్షరం ఆ రోజు ఆమె మనవడికి కాపలా కాసింది.

పడవ ఎక్కే ముందు

1. బోర్డు చదవండి. ఎంతమంది ఎక్కవచ్చో చూడండి. బోర్డు లేకపోతే అడగండి.
2. మనుషులను లెక్క పెట్టండి. చంకలో బిడ్డ కూడా ఒక మనిషే.
3. జాకెట్టు అడగండి. ఇది ఊరికే ఇచ్చే దయ కాదు. మన హక్కు. పట్టీలన్నీ బిగించండి. పిల్లలకు పిల్లల జాకెట్టే వేయాలి. పెద్దది వేస్తే నీళ్లలో తల మీదుగా ఊడిపోతుంది.
4. జాకెట్టు వేసుకోండి. ఒళ్లో పెట్టుకుంటే, కింద వేసుకుని కూర్చుంటే అది మనల్ని కాపాడదు. ఉక్కగా ఉందని మధ్యలో విప్పవద్దు.
5. చీర కుచ్చెళ్లు కొంచెం పైకి దోపుకోండి. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంది.
6. పడవ కదిలాక లేవవద్దు. ఒక పక్కకు ఒరగవద్దు.
7. గాలి, వాన ఉన్నప్పుడు, చీకటి పడ్డాక ఎక్కవద్దు. నడిపేవాడు తాగి ఉంటే అసలే ఎక్కవద్దు.

పడవ తిరగబడితే తేలుతున్న పడవనో, చెక్కనో గట్టిగా పట్టుకోండి. ఒడ్డు దగ్గరే కనిపించినా ఈత రాకపోతే దాన్ని వదలవద్దు.

ఎవరైనా నీళ్లలో పడితే ఈత రానివాళ్లు దూకవద్దు. ఇద్దరి ప్రాణం పోతుంది. గట్టున బోర్లా పడుకుని కర్ర, తాడు, చీర అందించండి. ఖాళీ క్యాను మూత బిగించి విసరండి. దాన్ని పట్టుకుని మనిషి తేలవచ్చు. అరిచి నలుగురినీ పిలవండి. 112కి గానీ 108కి గానీ ఫోను చేయండి.

నీళ్లు మన దగ్గరకు వచ్చే రోజు

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పెద్ద పడవ మునిగింది. అప్పుడు దగ్గరి ఊళ్ల గిరిజనులు నాటు పడవలు వేసుకుని పోయి పాతిక మంది దాకా కాపాడారు. వాళ్లకు నీళ్లు తెలుసు. పడవ తెలుసు. నది పక్కన పుట్టి పెరిగినవాళ్లు.

మన దగ్గర అట్లా తెలిసినవాళ్లు తక్కువ. కానీ వెలిగొండ ప్రాజెక్టు సంగతి మీకు తెలుసు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీళ్లు తేవడానికి నల్లమల కొండల్లో రెండు సొరంగాలు తవ్వారు. మొదటిది 2021లో, రెండోది 2024లో పూర్తయింది. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల సందుల్లో ఆనకట్టలు కట్టారు. సుంకేసుల మన మండలమే. నల్లమలసాగర్ నిండిన రోజున మన పక్కనే పెద్ద జలాశయం ఉంటుంది. నీళ్లు వస్తే పైరు వస్తుంది. చేప వస్తుంది. పుట్టి వస్తుంది. మన పిల్లలు గట్టు మీద ఆడుకుంటారు.

నీళ్ల కోసం ఇన్నాళ్లు ఎదురు చూశాం. నీళ్లతో మెలగడం కూడా ఇప్పుడే నేర్చుకుందాం.

ఈ మాట చెప్పాక పెద్దమ్మ నవ్వలేదు. "అయితే ఆ బోర్డు మాటలు పలక మీద రాసియ్యి టీచరమ్మా. నా మనవరాలికి కూడా చూపిస్తా" అంది.

మాటలు - అర్థాలు

తెడ్డు = పడవ నడపడానికి నీళ్లు వెనక్కి తోసే చెక్క
గెడ = నేలకు పోటు వేసి పడవ నడిపే పొడుగు కర్ర
రేవు = పడవ ఎక్కే, దిగే చోటు
మితి = హద్దు

లెక్క చేయండి

1. బోర్డు మీద "8 మందికి మించి ఎక్కరాదు" అని ఉంది. 5 మంది ఆడవాళ్లు, 4 పిల్లలు వచ్చారు. అందరూ ఎక్కవచ్చా?
2. పుట్టి, మనుషులు కలిసి 300 కిలోలు. పుట్టి 300 కిలోల నీళ్లను పక్కకు నెడుతుంది. ఒక క్యానులో 20 కిలోల నీళ్లు పడతాయి. మొత్తం ఎన్ని క్యాన్ల నీళ్లు?

మాట్లాడుకోండి

1. అక్క వదినకు మీరైతే ఏమని జవాబు చెబుతారు?
2. మన ఊరి చుట్టూ పిల్లలకు ప్రమాదమైన నీటి గుంటలు, బావులు ఎక్కడ ఉన్నాయి? అక్కడ పెట్టడానికి ఒక బోర్డు మీరే రాయండి.