చేతిసంచిలోని చట్టము: బోడినుండి చెన్నపట్నము వెళ్లు కుటుంబమునకు

బోడినాయకనూరి వీధిలో నిలిచి పడమటి దిక్కునకు చూచినవారికి బోడిమెట్టు కొండలు గోడ కట్టినట్లు కనిపించును; గాలి వీచినపుడు మండీలలో రాశిపోసిన ఏలకుల పరిమళము వీధివీధికిని వ్యాపించును; కాని సముద్రము మాత్రము ఇచ్చటి పెక్కుమంది పిల్లలకు పాఠ్యపుస్తకములోని బొమ్మగనే మిగిలియున్నది. తరతరముల క్రిందట తెలుగుసీమనుండి దక్షిణమునకు తరలివచ్చి, ఈ కొండల నీడను పాళెములు నిలిపి, జమీందారులుగను, రైతులుగను, వర్తకులుగను, కూలీలుగను స్థిరపడి, నేటికిని ఇంట తెలుగును వీధిలో తమిళమును మాటలాడుకొనుచున్న కుటుంబములలో ఒకదానికి చెందిన తల్లి యొకతె, మండీలో ఏలకులను తరములవారీగా ఏరుపని చేయునది, గత మాసమున నాయొద్దకు వచ్చి యిట్లడిగినది: "సామీ, బిడ్డలకు సముద్రం చూపించాల. కూడబెట్టిన దుడ్డు కొంచం ఉండాది. పట్నంలో ఎవురైనా మోసం చేస్తే, బోడికి తిరిగొచ్చినాక ఎవురితో చెప్పుకొనేది?"

ఈ ప్రశ్నలో రెండు సంగతులు కలవు. తక్కువ వ్యయముతో ప్రయాణము సాగించుట యెట్లన్నది మొదటిది. దూరదేశమున జరిగిన అన్యాయమునకు స్వగ్రామమున దిక్కెవరన్నది రెండవది. నా యనుభవమున బీదకుటుంబములను ఇంటినుండి కదలనీయనిది మొదటి చింతకంటె రెండవదియే. టికెట్టు డబ్బు ఎట్లో సమకూడును. మోసపోయిన డబ్బు తిరిగిరాదన్న భయము మాత్రము మనస్సును విడువదు.

ముందుగా ప్రయాణపు మాట. 2010 సంవత్సరాంతమున మీటరుగేజి బండ్లు నిలిచిపోయిన పిదప పండ్రెండేండ్లకు పైగా రైలుకూత వినని బోడికి, 2023 జూన్ 15వ తేదీన బ్రాడ్‌గేజి పట్టాలపై మరల రైలు వచ్చినది. ఆనాడు మొదలైన చెన్నై సెంట్రల్ ఎక్స్‌ప్రెస్, వారమునకు మూడు మార్లు రాత్రివేళ బయలుదేరి మదురై, దిండిగల్లు, కరూరు, సేలము, కాట్పాడి మీదుగా మరునాటి యుదయమునకు పట్నము చేర్చునట్లు ఏర్పాటైనది. రాత్రి బండిలో పరుండి పోవువారికి ఒక రాత్రి లాడ్జి అద్దె మిగులునన్న సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. అయితే 2024 నవంబరు 1నుండి రిజర్వేషను ప్రయాణమునకు 60 దినముల ముందుమాత్రమే తెరువబడుచున్నది. పూర్వమది 120 దినములు. కావున పిల్లల సెలవులెప్పుడో పంచాంగమున గుర్తించుకొని, అరువదవనాటి యుదయముననే టికెట్టు తీసికొనుట మేలు.

ఆ తల్లి యింట నాలుగేండ్ల పిల్ల, ఎనిమిదేండ్ల పిల్లవాడు, అరువది దాటిన అత్తగారు కలరు. అయిదేండ్లు నిండని బిడ్డకు వేరుగ బెర్తు కోరనియెడల టికెట్టే యక్కరలేదు. అయిదునుండి పండ్రెండేండ్ల లోపు పిల్లవానికి బెర్తు కోరినచో 2016 ఏప్రిల్ 21నుండి పూర్తి చార్జి. తల్లి ప్రక్కన పరుండబెట్టుకొని బెర్తు వలదనినచో సగము. టికెట్టు కొనునపుడు ఈ విషయము అడుగనివారు పూర్తి చార్జి ఇచ్చి వచ్చుచున్నారు. అత్తగారి కియ్యవలసిన వృద్ధుల రాయితీ 2020 మార్చిలో నిలిపివేయబడి మరల రాలేదు. జీవితమంతయు మండీలో కూర్చుండి నడుము వంగిన ముదుసలికి ఆ కొంచెము రాయితీని పునరుద్ధరింపకుండుట నాకు న్యాయముగ తోచదు. ఇక మిగిలిన సౌకర్యము క్రింది బెర్తు. 45 ఏండ్లు నిండిన స్త్రీలకును, 60 నిండిన పురుషులకును క్రింది బెర్తుల కోటా యొకటి కలదు. కాని అది ఒంటరిగానో, అట్టివారే ఇరువురో ఒక టికెట్టుపై నున్నపుడే వర్తించును. ఆరుగురి పేర్లతో ఒకే టికెట్టు తీసినచో ఆ కోటా అందదు. కావున అత్తగారి టికెట్టును వేరుగ తీయించుమని చెప్పితిని.

బండి ఆలస్యమైనచో ఏమి హక్కు? బయలుదేరు స్టేషనునకు మూడు గంటలకు మించి ఆలస్యముగ వచ్చిన బండిని ఎక్కకుండ విరమించుకొనువారికి పూర్తి చార్జి తిరిగివచ్చును. అయితే ఆ బండి కదలకముందే టి.డి.ఆర్. అను విజ్ఞప్తిని దాఖలు చేయవలయును. బండి వెళ్లిపోయిన మరునాడు అడిగిన ప్రయోజనములేదు. ఎక్కి ప్రయాణము చేసి నష్టపడినవారి విషయము వేరు. జమ్మూకు నాలుగు గంటలు ఆలస్యముగ చేరిన రైలువలన విమానము తప్పిపోయిన ప్రయాణికునికి టాక్సీ ఖర్చును, బుకింగు ఖర్చును, మనోవేదనకు పరిహారమును రైల్వే చెల్లింపవలసినదేనని 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆలస్యము తమ చేతిలో లేని కారణమువలన కలిగినదని రైల్వే నిరూపింపలేకపోవుటయే ఆ తీర్పునకు మూలము. అట్లని ప్రతి నష్టమును రైల్వేపై మోపుటకు వీలులేదు. బోడికి రైలు వచ్చిన ఆ 2023 జూన్ మాసముననే, నడుమునకు కట్టుకొనిన సొమ్ము బండిలో దొంగిలింపబడినదన్న ప్రయాణికుని వ్యాజ్యములో, తన వస్తువును తాను కాపాడుకొనలేకపోయినచో అది రైల్వే సేవాలోపము కాదని సుప్రీంకోర్టు నిర్ణయించినది. డబ్బు నడుమున దాచితిమన్న ధైర్యముతో నిద్రించువారు ఈ తీర్పును గుర్తుంచుకొనవలయును.

చట్టములో స్త్రీలకొక రక్షణ కలదు. అది తెలియక భయపడువారు పెక్కుమంది. పురుషుని తోడు లేక ప్రయాణించు స్త్రీని, లేక బిడ్డను, టికెట్టు లేదన్న కారణమున బండినుండి దింపవలసివచ్చినను, ఎక్కిన స్టేషనులోగాని, జంక్షనులోగాని, చివరి స్టేషనులోగాని, జిల్లా కేంద్రపు స్టేషనులోగాని, అదియును పగటివేళ మాత్రమే దింపవలయునని 1989 రైల్వే చట్టపు 139వ సెక్షను శాసించుచున్నది. రైలులో ఏ యాపద కలిగినను పిలువవలసిన ఫోను సంఖ్యయు 139యే కావున ఈ సెక్షనును గుర్తుంచుకొనుట సులభము.

ఇక బస. లాడ్జి గదిని ఫోనులో బుక్కుచేయునపుడు మొదట ఒక అద్దె చూపి, తుదకు డబ్బు చెల్లించు నిమిషమున మరి రెండు మూడు రుసుములు చేర్చుట, మనమడుగని బీమానో విరాళమునో బుట్టలో వేయుట, "ఇంక ఒక్కటే గది మిగిలినది" అని లేని తొందర కల్పించుట ఇటీవల సామాన్యమైనవి. ఇట్టి 13 విధముల కపటోపాయములను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30వ తేదీ మార్గదర్శకములలో నిషేధించినది. డబ్బు కట్టుటకుముందు తెరమీది మొదటి ధరను, చివరి ధరను రెంటిని ఫోటో తీసి యుంచుకొనుడు. గది అద్దె దినమునకు 7,500 రూపాయలకు మించనిచో 2025 సెప్టెంబరు 22నుండి జి.ఎస్.టి. నూటికి 5 మాత్రమే. అంతకుముందున్న 12ను నేటికిని వేయు బిల్లు కనిపించినచో నిలదీసి అడుగవచ్చును. గుర్తింపు పత్రమడిగినపుడు ఆధారే ఇయ్యవలయునన్న నిర్బంధములేదు, వోటరుకార్డుతో పని జరుగును. ఆధారే ఇయ్యదలచినచో సంఖ్యలో మొదటి ఎనిమిది అంకెలు కప్పివేయబడిన ప్రతిని ఇయ్యుట క్షేమము.

భోజనశాలలో రెండు మాటలు చాలును. బిల్లులో తమంతతామే సర్వీసు చార్జి చేర్చరాదని 2022 జూలై 4న పైసంస్థయే ఆదేశించెను. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ యాదేశమును సమర్థించినది. రెండవది నీళ్లసీసా. అంగడిలో ముద్రితధరకు మించి ఒక్క రూపాయి యడిగినను నేరమే. కాని హోటలులో కూర్చుండబెట్టి వడ్డించునపుడు అధికధర తీసికొనవచ్చునని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పియున్నది. ఈ భేదము తెలియక హోటలులో కలహించి చిన్నబోవుటకంటె, స్టేషనులో రైల్‌నీర్ కొని సంచిలో ఉంచుకొనుట మేలు.

సముద్రమునకు టికెట్టులేదు. మెరీనా ఇసుకపై పగలంతయు కూర్చుండినను అడుగువారుండరు. ఇది ప్రభుత్వపు దయకాదు. కడలితీరము, నదీజలము, వాయువు, అరణ్యము ప్రజలందరి సొత్తని, ప్రభుత్వము వానికి ధర్మకర్త మాత్రమేనని 1996 డిసెంబరులో కమల్‌నాథ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు స్పష్టపరచినది. ఏలకులేరు తల్లి బిడ్డలకును, పడవవంటి కారులో వచ్చినవారికిని ఆ యలలపై సమానమైన హక్కు కలదని తలచినపుడెల్లను నాకు మనస్సు నిండును. అయితే మెరీనా నీటి లాగుడు బలమైనది. పిల్లలను పాదములు తడుపుకొననిండు, స్నానమునకు దింపకుడు. సాయంకాలము మైలాపూరునకు పోయి పొట్టి శ్రీరాములుగారి స్మారకభవనము చూపింపుడు. తెలుగువారికొక రాష్ట్రము కావలెనని ఆ మహనీయుడు నిరాహారుడై 1952 డిసెంబరు 15న ఆ పేటలోనే ప్రాణములు విడిచెను.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చెదను. 1986 నాటి వినియోగదారుల చట్టము ప్రకారము సాధారణముగా ప్రతిపక్షి వ్యాపారము చేయుచోటనో, వివాదము పుట్టినచోటనో ఫిర్యాదు చేయవలసియుండెను. పట్నములోని లాడ్జి రెండువేల రూపాయలు అన్యాయముగ తీసికొనినచో, ఆ రెండువేలకై మరల మరల పట్నము పోవువారెవరు? అట్టి యన్యాయములు పెక్కు ఈ దూరమును నమ్ముకొనియే సాగినవి. 2020 జూలై 20న అమలులోనికి వచ్చిన 2019 నాటి చట్టము 34వ సెక్షనులో ఒక చిన్న యుపవాక్యమును చేర్చినది: ఫిర్యాదుదారుడు నివసించుచోటనో, జీవనోపాధికై పనిచేయుచోటనో కూడ ఫిర్యాదు చేయవచ్చును. ఆ యొక్క వాక్యముతో పట్నపు లాడ్జి యజమాని తేనికి రావలసినవాడైనాడు. బోడివారు తమ జిల్లాకేంద్రమైన తేనికి పోయివచ్చిన చాలును. వినియోగదారుల న్యాయములో ఇంతకంటె గొప్ప మార్పును నేను చూడలేదు.

తేనిలోని జిల్లా కమిషను, చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయలకు మించని వ్యాజ్యములను విచారించును. 5 లక్షలవరకు రుసుమే లేదు. న్యాయవాదిని పెట్టుకొనవలసిన నిర్బంధములేదు. ఫిర్యాదును ఇంటర్నెట్టులో ఇ-జాగృతి ద్వారా దాఖలు చేయవచ్చును. విచారణను వీడియో ద్వారా జరుపుడని కోరవచ్చును. గడువు మాత్రము కఠినము: వివాదము పుట్టిన దినమునుండి రెండేండ్లు. కేవలము రైలు చార్జి వాపసు కోరువారు మాత్రము వినియోగదారుల కమిషనుకు గాక రైల్వే క్లెయిముల ట్రిబ్యునలునకు పోవలయును. న్యాయవాది కావలెనని తోచిన స్త్రీకి ఆదాయముతో నిమిత్తములేకయే ఉచిత న్యాయసహాయము పొందు హక్కును 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టపు 12వ సెక్షను ఇచ్చినది. దానికి ఫోను 15100.

న్యాయము త్వరగా లభించునని నేను అసత్యము చెప్పను. మథుర స్టేషనులో 1999లో టికెట్లపై 20 రూపాయలు అధికముగ తీసికొనబడిన ఒక గృహస్థునకు 2022లోగాని తీర్పు రాలేదు. నేటి చట్టము సామాన్యముగా మూడు నెలలలో తీర్పు చెప్పవలెనని నిర్దేశించినను, ఆచరణమున విచారణ సాగుచునే యున్నది. అందుచేత మొదట 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయుడు. అనేక వివాదములు సంస్థతో సంప్రదింపులోనే పరిష్కారమగుచున్నవి. ఆ సంఖ్యలో 17 భాషలలో మాటలాడవచ్చును, వానిలో తెలుగొకటి. తమిళమున ఫిర్యాదు చెప్పుకొనుటకు సంకోచించు ముదుసలులు బోడిలో తమ యింటి తెలుగులోనే చెప్పుకొనవచ్చును. అంతేకాదు, ప్రభుత్వాధికారులకు కష్టము విన్నవించుకొను అర్జీని దేశములోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను వ్రాయవచ్చునని రాజ్యాంగపు 350వ అధికరణము చెప్పుచున్నది.

ఇవి యన్నియు బిల్లుమీద ఆధారపడినవి. సేవ చేసి బిల్లు ఇయ్యకుండుట స్వయముగనే అక్రమవ్యాపార పద్ధతియని 2019 చట్టము పేర్కొనుచున్నది. కావున లాడ్జిలోను, హోటలులోను బిల్లు అడుగుటకు సిగ్గుపడవలసిన పనిలేదు. ఆ తల్లికి నేనొక పాత కవరు ఇచ్చి, టికెట్టు, లాడ్జి రసీదు, భోజనపు బిల్లులు, ఫోనులో డబ్బు చెల్లించిన గుర్తులు అందులో దాచి, తిరిగివచ్చిన తేదీని పైన వ్రాసి, రెండేండ్లు నిండువరకు బియ్యపుడబ్బా ప్రక్కన భద్రపరచుమని చెప్పితిని. "రెండేండ్లా సామీ!" అని ఆమె ఆశ్చర్యపడి, కవరును చేతిసంచిలో పెట్టుకొని, వేసవి సెలవులు ఏ తేదీన మొదలగునో బడిలో అడిగివచ్చెదనని వెళ్లినది.