అకుల చేతిపని
పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 18:1-3, 24-26



అకుల, ప్రిస్కిల్ల అనువారు కాందిశీకులని మనలో అనేకులు తలంపరు. సుమారు క్రీ.శ. 49లో క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా విడిచిపొమ్మని ఆజ్ఞాపింపగా, ఈ దంపతులు ఇల్లు వాకిలి వదలి కొరింథునకు వచ్చిరి. డేరాలు కుట్టు పని మాత్రము వారితో వచ్చెను. పౌలునకును అదే పని తెలియును. ఆయన పుట్టిన కిలికియ దేశము మేకవెండ్రుకల ముతక గుడ్డకు పేరుపడినది. మన కురుమల గొంగడి వంటిదనుకొనుడు. శాస్త్రము చదివినవానికి సైతము చేతిపని నేర్పుట యూదుల ఆచారము. అందుచేతనే పౌలు ఆ కాందిశీకుల ఇంట బసచేసి, వారితో కలిసి పనిచేసెను. తరువాత ఎఫెసులో విద్వాంసుడైన అపొల్లోకు బోధించినవారును వీరే!

ఈ కష్టము మన తెలుగువారికి క్రొత్త కాదు. బర్మాలో మనవారిని కోరంగి రేవు పేరున కోరంగీలని పిలిచెడివారు. 1941 డిసెంబరులో రంగూనుపై జపాను బాంబులు పడగా, మరుసటి యేడు వేలాదిమంది అడవుల గుండ నడిచి వచ్చిరి. దారిలో చనిపోయినవారెందరో. మరల 1964లో అక్కడి ప్రభుత్వము దుకాణములను స్వాధీనపరచుకొనగా, ఓడలెక్కి వచ్చిరి. కూడబెట్టినది అక్కడనే ఉండిపోయెను. కుట్టుపనియో వడ్రంగమో ఎరిగినవాడు దానిని మాత్రము తెచ్చుకొనెను. ఇట్టివారి పునరావాసము కొరకే 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు ఏర్పడెను. అప్పు తీసికొన్న ప్రతివాడు నిలద్రొక్కుకొనెనని నేను చెప్పను. పనిముట్టు ఉన్నను పని ఇచ్చువాడు ఉండవలెను గదా.

ఇప్పుడు అదే దేశమునుండి, అనగా మయన్మారు నుండి, పారిపోయి వచ్చిన రోహింగ్యాలు హైదరాబాదు ప్రక్కన బాలాపూరులో గుడిసెలు వేసికొని యున్నారు. మన తిరుమలగిరి నుండి పట్నమునకు కూలికి పోవువారిలో కొందరు వారిని చూచియుందురు. చిత్తు ఏరుట, కట్టడపు కూలి వారి జీవనము. పిల్లలు బడికి పోయినను, ఆధారు కార్డు లేక పై చదువుల గడపలో ఆగిపోవుచున్నారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, జర్మనీ దేశపు సహాయముతో 1992 నుండి డాఫి అను విద్యార్థి వేతనములను అనేక దేశములలో ఇచ్చుచున్నది. 2030 నాటికి శరణార్థి యువజనులలో నూటికి 15 మంది పై చదువులలో ఉండవలెనని ఆ సంస్థ గురి. ఆ గురి నెరవేరినను 85 మంది వెలుపలనే! వారికి కుట్టు మిషను, కరెంటు పని, మోటారు మరమ్మతు నేర్పువారు కావలెను.

కాందిశీకులనగానే మన సంఘములలో పాతబట్టలు, మూటెడు బియ్యము పోగుచేయుదుము. ఆకలిగొన్నవానికి ముందు అన్నమే పెట్టవలెను. అయితే ఆ బియ్యము నెలకు తీరిపోవును. ఈసారి కోతపండుగ కానుకలో కొంత ఒక పిల్లకు కుట్టు నేర్పుటకు, ఒక పిల్లవానికి పని నేర్పు మేస్త్రీకి పంపుదమని నా మనవి.

“అయ్యగారూ, మన పిల్లల ఫీజులకే దిక్కులేదు గదా” అని పెద్దలు అందురు. అది నిజమే. అయితే మన తాతల కాలమున మిషను బోర్డింగులలో చదివి, వడ్రంగమో టీచరు ట్రయినింగో నేర్చినవారి ఖర్చు, మన ఊరు ఎన్నడును చూడని దాతలు పంపినదే.